ఫైర్ స్టేషన్‌కూ ఒక మంచి ఆర్కిటెక్ట్

ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే ఊరుంది. ఒహాయో రాజధాని కొలంబస్ వేరు, ఇది వేరు. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ తేలింది 50,474 మంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో అయితే దీన్ని ఓ మోస్తరు మున్సిపాలిటీ అంటారు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్ ఉత్తరాన 70 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అలాంటి ఊరికి 1991లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ కట్టడాల విషయంలో దేశం మొత్తమ్మీద ఆరో స్థానం ఇచ్చింది. దానికంటే ముందున్నవి షికాగో, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్, వాషింగ్టన్.

ఆ పేరు తెచ్చిపెట్టినవి పిల్లలు చదివే బడులు, గ్రంథాలయం, ఫైర్ స్టేషన్లు, పోస్టాఫీసు, బ్యాంకు, పత్రికాఫీసు, చర్చిలు, చివరికి జైలు. ఊళ్లో ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పనిమీద గడప తొక్కక తప్పని చోట్లు ఇవి. ఇళ్లూ జీతాలూ ఎవరివి వారివి. చిన్న ఊళ్లో బతుకు ఎలా సాగుతుందో తేల్చేది మాత్రం అందరూ పంచుకునే ఈ చోట్లే. కొలంబస్ వాటిని సంపాదించుకున్న పద్ధతి, ఇప్పుడు నిలబెట్టుకోవడానికి పడుతున్న పాట్లు, రెండూ తెలుగు పాఠకులకు పనికొచ్చే సంగతులే. అమెరికా అంటే డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా అనుకునే అలవాటు మనవాళ్లలో బలంగా ఉంది. ఆ దేశపు పట్టణాల నుంచి నేర్చుకోదగ్గది అంతకంటే ఎక్కువే ఉంది.

ఈ ఊరి కథంతా ఒక ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. కరెంటు పోగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, విజయవాడ ఆస్పత్రుల వెనక గుర్రుమంటూ లేచే జనరేటర్ల మీద కమిన్స్ అన్న పేరు చాలామంది చూసే ఉంటారు. ఆ కంపెనీ పుట్టిందీ, ఇప్పటికీ ప్రధాన కార్యాలయం ఉన్నదీ కొలంబస్‌లోనే. బ్యాంకరు డబ్ల్యు.జి. అర్విన్ ఇంట డ్రైవరుగా, మెకానిక్‌గా పనిచేసిన క్లెసీ కమిన్స్ 1919లో ఆ అర్విన్ పెట్టుబడితోనే కంపెనీ పెట్టాడు. లారీలకు డీజిల్ ఇంజిన్ పనికొస్తుందని నమ్మేవాళ్లు అప్పట్లో తక్కువ. అర్విన్ కుటుంబం ఏళ్ల తరబడి నష్టాలు భరించింది. కంపెనీ లాభం ముఖం చూసింది 1937లో.

అర్విన్ సోదరి మనవడు జె. అర్విన్ మిల్లర్ 1934లో కంపెనీ పగ్గాలు చేపట్టి దశాబ్దాలపాటు నడిపించాడు. డబ్బున్న పారిశ్రామికవేత్తలు అమెరికాకు కొత్త కాదు. ఈయన దారి వేరు. 1960లో దేశంలోని చర్చిల జాతీయ మండలికి అధ్యక్షుడయ్యాడు, మతబోధకుడు కాని వ్యక్తికి ఆ పదవి దక్కడం అదే మొదటిసారి. నల్లజాతివారి పౌరహక్కుల కోసం 1963లో జరిగిన వాషింగ్టన్ ప్రదర్శనకు ఆ మండలి తరఫున అండగా నిలిచాడు. 1967లో ‘ఎస్క్వైర్’ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, దేశాధ్యక్షుడు కాదగ్గవాడని రాసింది. 2004లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొలంబస్‌లో పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఉన్న బడులు చాలక హడావిడిగా, చవగ్గా కొత్తవి కట్టడం మొదలైంది. మిల్లర్‌కు అది నచ్చలేదు. అందులో ఆయన సొంత అవసరమూ ఉంది. కంపెనీకి మంచి ఇంజినీర్లు కావాలి, పిల్లల్ని పంపదగ్గ బడి లేని ఊరికి మంచి ఇంజినీరు సంసారంతో రాడు. అప్పుడాయన స్కూల్ బోర్డు ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. బడి కట్టే ఖర్చు ఎప్పటిలాగే ప్రజల పన్నుల నుంచి రావాలి. ఆర్కిటెక్టుకు ఇవ్వాల్సిన ఫీజు మాత్రం మొత్తం కమిన్స్ ఫౌండేషన్ చెల్లిస్తుంది. షరతు ఒకటే: ఊరికి సంబంధం లేని నిపుణులు దేశంలోని మేటి ఆర్కిటెక్టుల పేర్లతో ఒక జాబితా ఇస్తారు, బోర్డు వాళ్లలోంచి ఒకరిని ఎంచుకోవాలి.

ఈ ఏర్పాటులోని తెలివిని కొంచెం నిదానంగా చూడాలి. డబ్బిచ్చేవాడికి జాబితా చేసే అధికారం లేదు. జాబితా చేసేవాళ్లకు ఎంచుకునే అధికారం లేదు. ఎంచుకునే బోర్డు ఊరి జనానికి జవాబు చెప్పుకోవలసిన బోర్డు, తన మనిషికో బంధువుకో పని కట్టబెట్టే వీలు దానికీ లేదు. కట్టడానికి ఊరి సొమ్ము పడుతుంది కాబట్టి ఎక్కడ ఎంత ఖర్చవుతోందని అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతివాడికీ ఉంటుంది. ఫీజు భారం తప్పింది కాబట్టి పేరున్న ఆర్కిటెక్టును పిలవడానికి పట్టణం జంకదు. ఇన్ని చేతుల మీదుగా సాగినందువల్లే ఆ కట్టడాలు ఒక ధనవంతుడి దానంగా మిగిలిపోలేదు.

ఆ పద్ధతిలో వచ్చిన మొదటి బడి 1957లో తెరుచుకుంది. గీసింది షికాగో ఆర్కిటెక్ట్ హ్యారీ వీస్. ప్రాథమిక పాఠశాల అది. ఒకే పెద్ద కట్టడంగా కాక, చిన్నపిల్లల కంటికి ఇళ్ల వరసలా కనబడేలా వాలు కప్పులతో తీర్చాడు. 1960 నాటికి ఈ సాయాన్ని బడులకే పరిమితం చేయకుండా మిగతా ప్రజా భవనాలకూ విస్తరించారు. ఆ తర్వాత వచ్చినవారి పేర్లు చదివితే ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కట్టడాల చరిత్ర చదివినట్టే ఉంటుంది. కెవిన్ రోష్ పోస్టాఫీసు గీశాడు. రాబర్ట్ వెంచూరి నాలుగో నంబరు ఫైర్ స్టేషన్ గీశాడు. రిచర్డ్ మైయర్ ఒక ప్రాథమిక పాఠశాల గీశాడు. గ్రంథాలయం ఐ.ఎం. పే చేతిలో రూపుదిద్దుకుంది. కట్టడాల రంగంలో అత్యున్నతమని పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి తర్వాతి కాలంలో ఈ నలుగురికీ వచ్చింది.

వెంచూరి గీసిన ఫైర్ స్టేషన్ చిన్నది. ముందుగోడ తెల్లటి మెరుపు ఇటుకతో, ఎర్ర ఇటుకతో ఉంటుంది. తడిసిన గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టుకునే బురుజు మధ్యలో నిలబడి ఉంటుంది. దాని మీద దూరం నుంచే కనబడేంత పెద్ద ‘4’ అంకె. అంతే. పాలరాయి లేదు, స్తంభాలు లేవు. లోపల మనుషులు పడుకోవడానికి, బండి దూసుకుపోవడానికి ఏది ఎక్కడ ఉండాలో అది అక్కడ ఉంది. ప్రతి పట్టణానికీ కావలసిన మామూలు షెడ్డు ఇది. దాన్ని శ్రద్ధగా ఆలోచించి కట్టారు, అంతకుమించిన ఆడంబరం లేదు.

బ్యాంకు సంగతీ అంతే. 1954లో ఈరో సారినెన్ గీసిన అర్విన్ యూనియన్ బ్యాంకు ఒకే అంతస్తు, చుట్టూ గాజు గోడలు. అప్పటిదాకా బ్యాంకంటే ఎత్తయిన రాతి మెట్లు, ఇనప చువ్వల వెనక గుమాస్తా. పొలం నుంచి నేరుగా వచ్చిన రైతు బూటు మట్టితో లోపలికి రావడానికి వెనుకాడకూడదన్న ఆలోచన ఈ కట్టడంలో కనిపిస్తుంది. చువ్వలు తీసేశారు, కౌంటర్లు బల్లల్లా అమర్చారు. లోపల ఏం జరుగుతోందో వీధిలోంచే కనపడుతుంది.

మరి అక్కడ ఉండేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది? చాలావరకు కారులో. ఆఫీసుకు పది పదిహేను నిమిషాలు, బడికి పది నిమిషాలు, సరుకులకు మరో పది. ట్రాఫిక్‌లో గంటలు పోగొట్టుకునే హైదరాబాద్, బెంగళూరు మనుషులకు అది వరంలా తోస్తుంది. కారు లేనివాళ్లకు మాత్రం ఊరు చాలా కుంచించుకుపోతుంది. నగర బస్సులు ఉన్నాయి కానీ దారులు తక్కువ, బస్సుకూ బస్సుకూ మధ్య ఎదురుచూపు ఎక్కువ. అమెరికాలోని ఏ చిన్న పట్టణంలోనైనా వృద్ధులకు, లైసెన్సు లేనివారికి, రాత్రి షిఫ్టు కార్మికులకు ఇదే అతి పెద్ద చిక్కు. కొలంబస్ దీనికి మినహాయింపు కాదు.

చలికాలం ఇంకో పరీక్ష. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెందలాడే చీకటి పడుతుంది, పిల్లల్ని బయటికి వదిలే పరిస్థితి ఉండదు. అప్పుడు చాలా ఇళ్లవాళ్లు వెళ్లేది ఊరి నడిబొడ్డున ఉన్న ‘కామన్స్’ అనే పెద్ద హాలుకు. 1973లో సీజర్ పెల్లి గీసిన పాత కట్టడాన్ని చాలావరకు తీసేసి 2011లో కొత్తగా కట్టారు. పైన పిల్లలు ఎక్కి దిగడానికి ఆటల చోటు, కింద స్విస్ శిల్పి జాన్ టాంగ్లీ చేసిన ‘కేయాస్’ అనే ఏడు టన్నుల యంత్రశిల్పం. పాత ఇనప సామాన్లతో కట్టిన ఆ యంత్రం కదులుతుంటే గోళాలు పట్టాల మీద దొర్లుకుంటూ పోతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. టికెట్ లేదు, కొనితీరాల్సిందేమీ లేదు. డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక సాయంత్రం గడిపే చోటు ఊరి మధ్యలో ఉండటం ఎంత అవసరమో చిన్నపిల్లలున్న తల్లులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

వేసవి వస్తే ఊరంతా బయటే. రెండు నదులు కలిసేచోట మిల్ రేస్ పార్కు, నదుల వెంట సైకిలు బాటలు, శనివారం రైతుబజారు, జులైలో కౌంటీ జాతర. శీతాకాలంలో హైస్కూలు బాస్కెట్‌బాల్. ఇండియానాలో ఆ ఆట మీద ఉన్న పిచ్చి ఎలాంటిదంటే ఇక్కడి నార్త్ హైస్కూలు జిమ్‌లో దాదాపు 7,000 మంది కూర్చునే వీలుంది. 1900లో గ్రీకు సోదరులు పెట్టిన జహరాకోస్ ఐస్‌క్రీమ్ పార్లరు ఇప్పటికీ నడుస్తోంది. 2006లో మూతపడితే ఊరి వ్యాపారి ఒకరు కొని, పాత బల్లలు, అద్దాలతో సహా బాగుచేయించి 2009లో మళ్లీ తెరిచారు.

ఈ ఊరికి భారతదేశంతో అనుబంధం పాతది. 1962లోనే పుణెలో కిర్లోస్కర్‌లతో కలిసి కమిన్స్ ఇంజిన్ల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత భారతీయ ఇంజినీర్లు కొలంబస్‌కు రావడం, కొందరు అక్కడే స్థిరపడటం మామూలైంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వారి బతుకుల్లో ఊరి మంచిచెడ్డలు రెండూ కనిపిస్తాయి. ఇల్లు కొనుక్కోవడం పెద్ద నగరాల్లోకంటే తేలిక. పిల్లల బడి దగ్గర. అర్ధరాత్రి జ్వరమొస్తే ఆస్పత్రి పది నిమిషాల దూరం. గుడికి మాత్రం ఇండియానాపొలిస్‌లోని హిందూ టెంపుల్ ఆఫ్ సెంట్రల్ ఇండియానాకు వెళ్లాలి, రానూపోనూ 150 కిలోమీటర్ల ప్రయాణం. పండగ సరుకులకూ చాలామందిది అదే దారి. 1984 నుంచి ఏటా ఊరి నడిబొడ్డున జరిగే ‘ఎత్నిక్ ఎక్స్‌పో’ అనే మేళాలో నానా దేశాల వంటలు, ఆటపాటలు ఒకే వీధిలో కొలువుదీరుతాయి. ఇలాంటి ఉత్సవాన్ని వలస వచ్చినవాళ్ల సంఘాలకే వదిలేయకుండా ఊరు తన పండగగా జరుపుకోవడం మెచ్చుకోదగ్గ విషయం.

ఇదే చోట ఒక ఇబ్బందీ దాగి ఉంది. హెచ్1బీ మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. డాలస్‌లో అయితే ఇల్లు మారకుండానే మరో కంపెనీలో చేరొచ్చు. కొలంబస్‌లో ఆ స్థాయి ఉద్యోగాలిచ్చే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉద్యోగం పోవడమంటే చాలామందికి ఇల్లూ, బడీ, ఊరూ కలిసి పోవడమే. ఒక పెద్ద కంపెనీ నీడన బతికే ఊరి భయం ఇది. వీసా మీద వచ్చినవాళ్లకు అది ముందు తగిలినా, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకూ తప్పింది కాదు.

ఆ భయానికి ఆధారాలు ఊరి చరిత్రలోనే ఉన్నాయి. 1989లో బ్రిటన్‌కు చెందిన హాన్సన్ సంస్థ కమిన్స్ వాటాలు పెద్ద ఎత్తున కొన్నది. కంపెనీ చేతులు మారితే ముక్కలుచేసి అమ్మేస్తారేమోనన్న గుబులు ఊరంతా వ్యాపించింది. మిల్లర్ కుటుంబం సొంత డబ్బు 7.2 కోట్ల డాలర్లు పెట్టి ఆ వాటాను కొనేసింది. 2009లో ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు అలా ఆదుకునేవారు లేకపోయారు. తరతరాలుగా ఊరి పొదుపు దాచిన అర్విన్ యూనియన్ బ్యాంకు సెప్టెంబరులో కుప్పకూలింది, నియంత్రణ సంస్థలు దాన్ని మూసి మరో బ్యాంకుకు అప్పగించాయి. సారినెన్ గాజు కట్టడాన్ని ఆ తర్వాత కమిన్స్ కొని సమావేశ మందిరంగా మార్చింది. 2023 చివర్లో కమిన్స్ కూడా తలవంచుకోవలసి వచ్చింది. పికప్ ట్రక్కుల ఇంజిన్లలో కాలుష్య పరీక్షలను తప్పించుకునే ఏర్పాట్లు ఉన్నాయన్న కేసులో 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. స్వచ్ఛమైన గాలి చట్టం కింద అమెరికాలో అంత పెద్ద సివిల్ జరిమానా అంతకుముందు ఎన్నడూ పడలేదు. ఊరికి ఎంత మేలు చేసినా, కంపెనీని కంపెనీగానే చూడాలని ఆ కేసు చెబుతోంది.

ఇన్ని ఒడిదుడుకుల్లోనూ ఊరు ఎందుకు నిలబడిందో అర్థం కావాలంటే పక్క ఊరిని చూడాలి. కొలంబస్ నుంచి ఇంటర్‌స్టేట్ 65 మీద దక్షిణంగా ముప్పావుగంట కూడా పట్టని దూరంలో, స్కాట్ కౌంటీలో ఆస్టిన్ అనే ఊరుంది. జనాభా సుమారు 4,200. అక్కడ మత్తునిచ్చే నొప్పి మాత్రలను కరిగించి సూదులతో ఎక్కించుకోవడం ఇళ్లిళ్లకూ పాకింది. ఆ కౌంటీలో ఉచితంగా హెచ్ఐవీ పరీక్ష చేసే ఒకే ఒక్క క్లినిక్ 2013లోనే మూతపడింది. 2014 నవంబరు నుంచి 2015 నవంబరు 1 లోపు హెచ్ఐవీ సోకినవారు 181 మంది తేలారు. అప్పటి గవర్నరు మైక్ పెన్స్ మార్చిలో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించి, శుభ్రమైన సూదులు పంచడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. పెన్స్ పుట్టి పెరిగింది కొలంబస్‌లోనే.

మత్తు కొలంబస్‌నూ వదల్లేదు. అక్కడా ప్రాణాలు పోయాయి. 2017లో నగరం, కౌంటీ, ఆస్పత్రి కలిసి ఒక ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టి చికిత్సకూ, కోలుకున్నాక తోడ్పాటుకూ ఏర్పాట్లు చేసుకున్నాయి. రెండు ఊళ్ల మనుషుల మధ్య గుణంలో తేడా లేదు. ఒక ఊళ్లో కష్టమొచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకునే సంస్థలు, వాటి వెనక డబ్బు, అనుభవం ఉన్నాయి. మరో ఊరున్న కౌంటీలో ఆ ఒక్క పరీక్షల క్లినిక్కూ ఎత్తేశారు.

2008 జూన్ 7న ఇదే విషయం మరోలా రుజువైంది. కుండపోత వానకు హా క్రీక్ అనే వాగు పొంగి కొలంబస్ రీజినల్ ఆస్పత్రిలోకి వచ్చింది. ప్రయోగశాల, మందుల నిల్వ, కరెంటు వ్యవస్థ ఉన్న నేలమాళిగ నిండిపోయింది. నూట యాభైమందికి పైగా రోగులను చీకట్లో మెట్ల మీదుగా మోసుకుని బయటికి తెచ్చారు. ఆస్పత్రి నెలల తరబడి మూతపడింది. ఆ ఆస్పత్రి కౌంటీ ప్రజల ఆస్తి. లాభాలు చూసుకునే బయటి సంస్థ చేతిలో ఉంటే తెరవాలా వద్దా అన్న లెక్క మొదలయ్యేదేమో. ఇక్కడ ఆ ప్రశ్న రాలేదు. అదే ఏడాది మళ్లీ తెరిచారు, తర్వాత చుట్టూ వరద గోడ కట్టుకున్నారు.

పదేళ్ల తర్వాత ఇంకో దెబ్బ. అమెరికా అంతటా జరిగినట్టే ఊళ్లోని ఫెయిర్ ఓక్స్ మాల్‌లో పెద్ద దుకాణాలు ఒక్కొక్కటే ఎత్తేశారు. చాలా ఊళ్లలో అలాంటి మాల్‌లు కిటికీలు పగిలి, పార్కింగ్‌లో గడ్డి మొలిచి ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయి. కొలంబస్‌లో 2018 చివర్లో నగరపాలక సంస్థ, ఆస్పత్రి సంస్థ కలిసి, స్థానిక దాతల నిధి సాయంతో ఆ మాల్‌ను కొనేశాయి. నెక్సస్‌పార్క్ అని పేరు మార్చి ఆరోగ్య సేవలు, పార్కుల విభాగం, ఇండోర్ ఆటల మైదానం అందులోకి తెచ్చాయి. బట్టల కొట్లు పోయిన చోట పిల్లలు బంతాట ఆడుతున్నారు. కమిన్స్ ఫౌండేషన్ బడులతో నేర్పిన అలవాటు ఇప్పుడు ఊరి సొంత నడకగా మారిందనడానికి ఇదే పెద్ద నిదర్శనం.

ఈ పద్ధతికి విమర్శలు లేకపోలేదు. ఒక కుటుంబం రుచి, ఒక కంపెనీ అవసరం ఊరి రూపాన్ని శాసించాయని అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. పేరున్న ఆర్కిటెక్టు గీసినంత మాత్రాన కప్పు కారకుండా ఉండదు, పెద్ద కట్టడాల మరమ్మతు ఖర్చులు చిన్న ఊరికి మోయలేని బరువవుతాయి. ఎలియెల్ సారినెన్ గీసిన ఫస్ట్ క్రిస్టియన్ చర్చి 1942 నాటిది. దాని బురుజు శిథిలమైతే బాగుచేయడానికి 30 లక్షల డాలర్లకు పైగా కావలసి వచ్చింది, విరాళాలూ గ్రాంట్లూ పోగుచేసి పని పూర్తిచేశారు. ఆయన కొడుకు ఈరో సారినెన్ చనిపోవడానికి ముందు గీసిన నార్త్ క్రిస్టియన్ చర్చి 1964లో పూర్తయింది. ఆరు పలకల కట్టడం, ఆకాశంలోకి దూసుకెళ్లే సన్నటి శిఖరం. వచ్చే భక్తులు తగ్గిపోయి 2022లో ఆ సంఘం తలుపులు మూసేసింది. కట్టడాన్ని అందరికీ ఉపయోగపడేలా నిలబెట్టడానికి కౌంటీ గ్రంథాలయం ముందుకొచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ కలచివేసేది పత్రికాఫీసు కథ. ‘రిపబ్లిక్’ 1872 నుంచి వస్తున్న స్థానిక దినపత్రిక. 1971లో దాని కోసం మైరన్ గోల్డ్‌స్మిత్ గాజు గోడల భవనం గీశాడు. పసుపు రంగు వేసిన అచ్చుయంత్రం తిరుగుతూ రేపటి పత్రిక ముద్రవుతుండటం దారినపోయేవాళ్లకు కనపడేది. కాలక్రమంలో అచ్చుపని వేరేచోటికి వెళ్లింది, యాజమాన్యం చేతులు మారింది, విలేకరులు భవనం ఖాళీ చేశారు. 2018 నుంచి అందులో ఇండియానా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదువుకుంటున్నారు. కట్టడం దక్కింది, మంచిదే. తమ నగర మండలి సమావేశంలో ఏం జరిగిందో రాసే విలేకరుల సంఖ్య మాత్రం అమెరికా చిన్న పట్టణాలన్నిట్లో తరిగిపోతోంది. ఏ ఆర్కిటెక్టూ పూడ్చలేని లోటు అది.

ఈ కష్టాలన్నిటి మధ్య 2020లో ఒక చిన్న ఎన్నిక జరిగింది. ఉపాధ్యాయుల జీతాలు పెంచడానికి ఇళ్ల పన్ను పెంచుకోవచ్చా అని స్కూల్ యంత్రాంగం ఓటర్లను అడిగింది. రిపబ్లికన్ పార్టీకి గట్టి పట్టున్న కౌంటీ, పన్ను అనే మాటే గిట్టని రాజకీయం. అయినా జనం సరేనన్నారు. 1957లో ఒక కంపెనీ ఫీజు కట్టి మొదలుపెట్టిన పనికి అరవై ఏళ్ల తర్వాత మామూలు మనుషులు తమ జేబు నుంచి ఇవ్వడానికి ఒప్పుకున్నారంటే మంచి బడిలో చదువుకున్న తరం దాని విలువ తెలుసుకుందనే అనుకోవాలి.

కొలంబస్‌ను మన దగ్గర అచ్చంగా తిరిగి కట్టలేం, కట్టనక్కర్లేదు. ఆ పద్ధతిని తెచ్చుకోవడానికి మాత్రం అడ్డమేమీ లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పెనుకొండ పక్కన కియా ఉంది. రామగుండంలో ఎన్టీపీసీ, సింగరేణి ఉన్నాయి. ఒక పెద్ద పరిశ్రమ చుట్టూ అల్లుకున్న పట్టణాలు రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా చాలా ఉన్నాయి. డబ్బుంది, చట్టముంది. ఎవరు ఇవ్వాలి, ఎవరు సూచించాలి, ఎవరు ఎంచుకోవాలి అన్న మూడు పనులను వేరుచేసే ఏర్పాటే కావాలి.

ఒక మున్సిపాలిటీ ఒక్క బడితో మొదలుపెట్టవచ్చు. కట్టే ఖర్చు ప్రభుత్వానిది, ఆర్కిటెక్టు ఫీజు కంపెనీది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అధ్యాపకులు కలిసి ఆరుగురి పేర్లు ఇస్తే, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఉన్న కమిటీ బహిరంగంగా కూర్చుని ఒకరిని ఎంచుకోవాలి. ఎండకు గోడలు కాలకుండా, వానకు నీళ్లు నిలవకుండా, ఆడపిల్లలకు తలుపులు సరిగా పడే మరుగుదొడ్లతో కట్టే బాధ్యత ఆ ఆర్కిటెక్టు మీద ఉంటుంది. నిర్వహణకు ఏటా ఎంత కేటాయించాలో పునాది వేసే రోజునే మున్సిపల్ బడ్జెట్‌లో రాసిపెట్టాలి. ఆ బడి నిలదొక్కుకున్నాక బస్టాండుకు, ప్రాంతీయ ఆస్పత్రికి, ఫైర్ స్టేషన్‌కు అదే కమిటీ పద్ధతిని అమలుచేయవచ్చు.